పాత బంగారమా... కొత్త సింగారమా?

సీలు తీయని కొత్త డబ్బా ఒకవైపు. ఎవరి ఇంట్లోనో పాతికేళ్లు పాడిన పాత పెట్టె మరోవైపు. మంచి ప్రీయాంప్లిఫయర్ కొనాలనుకున్న ప్రతి సంగీత ప్రియుడూ ఏదో ఒకరోజు ఈ రెండింటి మధ్యా నిలబడాల్సిందే. చేతిలో ఉన్నది మాత్రం ఇంటిల్లిపాదీ కూడబెట్టిన డబ్బు. మరి ఏది కొనాలి?

అటకల మీద నుంచి రికార్డులు కిందికి దిగుతున్నాయి. ఘంటసాల భగవద్గీత, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, పాత సినిమా పాటల ఎల్పీలు... దుమ్ము దులిపి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తిప్పుతున్నారు. నాన్న కొన్న రికార్డుల్ని కొడుకు వింటున్నాడు. తాతయ్య కాలం నాటి పాటను మనవరాలు కొత్తగా కనిపెట్టినట్టు మురిసిపోతోంది. ఇంతవరకూ బాగానే ఉంది. టర్న్‌టేబుల్ వచ్చింది, స్పీకర్లు వచ్చాయి. అప్పుడు దుకాణదారు అడుగుతాడు, 'ప్రీయాంప్ ఏది పెడుతున్నారు సార్?' అని. కాస్త పేరున్న కంపెనీది చూపించి ధర చెప్పగానే గుండె గుభేలుమంటుంది. పిల్లల కాలేజీ ఫీజు గుర్తొస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు, 'అదే కంపెనీది సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే దొరుకుతుంది కదా!' అని.

దొరుకుతుంది. నిజమే. కానీ ఆ సగం ధర వెనక ఏముందో తెలుసుకోకుండా తీసుకుంటే చివరికి రెండింతలు అవుతుంది. తెలుసుకుని తీసుకుంటే మాత్రం ఇంతకు మించిన బేరం ఇంకోటి లేదు.

ఇంతకీ అది చేసే పనేంటి?

చెరువు నీళ్లు చేలకు వెళ్లాలంటే మధ్యలో తూము ఉండాలి. ఏ కాలవకు వదలాలి, ఎంత వదలాలి అన్నది అక్కడే తేలుతుంది. ఇంట్లో సంగీతానికి ప్రీయాంప్లిఫయర్ అలాంటి తూము. రికార్డు పాడాలా, సీడీ పాడాలా, రేడియోనా, ఫోనులోని పాటా... ఎంచుకునేది ఇక్కడే. శబ్దం ఎంత ఉండాలో తేల్చేదీ ఇక్కడే. ఇక్కడి నుంచి బయల్దేరిన సన్నటి విద్యుత్ సంకేతాన్ని పవర్ యాంప్లిఫయర్ అందుకుని, బలం చేర్చి స్పీకర్లను కదిలిస్తుంది.

రికార్డులు వినేవాళ్లకు ఇంకో పని కూడా చేసిపెడుతుంది. సీడీ ప్లేయర్ నుంచి వచ్చే సంకేతం గరిష్ఠంగా 2 వోల్టులు. రికార్డు మీద తిరిగే ముల్లు నుంచి వచ్చేది, మామూలు మూవింగ్ మాగ్నెట్ రకంలో, సుమారు 5 మిల్లీవోల్టులు. అంటే 400 వంతుల్లో ఒక వంతు! మూవింగ్ కాయిల్ రకమైతే అంతకన్నా పది రెట్లు తక్కువ. దాన్ని పెంచాలి. అంతేనా? ఎల్పీ చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఆ లెక్కను తిరగేయాలి. ఈ లెక్కకే 1954లో ఆర్ఐఏఏ అనే ప్రమాణం పెట్టారు. ఈ పని చేసే భాగాన్ని ఫోనో స్టేజ్ అంటారు. ఒకప్పటి ప్రీయాంపుల్లో ఇది తప్పనిసరిగా ఉండేది. సీడీలు వచ్చాక చాలా కంపెనీలు తీసేశాయి. ఇప్పుడు కొన్ని కొత్త మోడళ్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కాబట్టి రికార్డుల కోసం కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న... 'ఫోనో ఉందా?'

అసలు మీకు ప్రీయాంప్ అవసరమా అన్నది దానికన్నా ముందు ప్రశ్న. ఇంట్లో ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ ఉంటే ప్రీయాంప్ అందులోనే కలిసి ఉంది. రికార్డులు లేకుండా, వాల్యూమ్ నాబ్ ఉన్న డీఏసీని నేరుగా పవర్ యాంప్‌కు కలిపి వింటున్నవాళ్లకు కూడా పెద్ద అవసరం ఉండకపోవచ్చు. విడిగా పవర్ యాంప్ పెట్టుకుని, రెండు మూడు చోట్ల నుంచి సంగీతం వినేవాళ్లకే ఈ తంటా అంతా.

నిదానంగా ముసలిదవుతుంది

సెకండ్ హ్యాండ్ అనగానే మనకు పాత కారు గుర్తొస్తుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎవరు ఎలా తోలారో అని అనుమానం. ఆడియో సామాన్లలోనూ అలాంటివి ఉన్నాయి. పాత స్పీకర్లలో నురగతో చేసిన అంచులు పొడిపొడిగా రాలిపోతాయి. సీడీ ప్లేయర్‌లో లేజర్ నీరసిస్తుంది. టేప్ డెక్‌లో బెల్టులు సాగిపోతాయి. పవర్ యాంప్ కాగి కాగి లోపలి భాగాల్ని ఎండబెడుతుంది.

ప్రీయాంప్ అలా కాదు. దానికి పెద్దగా వేడి ఉండదు. నాబులు, స్విచ్చులు తప్ప కదిలే భాగాలు లేవు. తక్కువ విద్యుత్తుతో, ఒక మూల కూర్చుని పనిచేసుకుపోతుంది. అందుకే 1958లో వచ్చిన మరాంట్జ్ మోడల్ 7, 1960లలో వచ్చిన మెకింటాష్ సీ22 లాంటివి ఇప్పటికీ ప్రపంచమంతా చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ సీ22 రూపాన్ని, పేరును మెకింటాష్ కంపెనీ 2020లో మళ్లీ కొత్తగా మార్కెట్‌లోకి తెచ్చిందంటే పాతదానికి ఉన్న మోజు ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు. చింతకాయ పచ్చడి పాతబడేకొద్దీ పథ్యానికి పనికొచ్చినట్టు, సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి అన్నింటికన్నా అనువైనది ప్రీయాంపే.

అలాగని అమరత్వం లేదు. లోపల ముసలివయ్యేవి ప్రధానంగా నాలుగు.

మొదటిది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే వీటి లోపల ద్రవం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్ల లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటర్ 45 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలవాలి. రోజుకు 3 గంటలు వింటే 29 ఏళ్లు. అదే పెట్టెను పగలూ రాత్రీ ఆన్‌లో ఉంచితే నాలుగేళ్లు కూడా రాదు! ఇది కాగితం మీది లెక్కే అయినా, అమ్మేవారిని 'దీన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేవారా?' అని ఎందుకు అడగాలో చెబుతుంది. కొందరు శ్రోతలు శబ్దం బాగుంటుందని అసలు ఆపరు మరి.

రెండోది వాల్వు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే ఇవి. ప్రీయాంపుల్లో వాడే చిన్న వాల్వులు కొన్ని వేల గంటలు నడుస్తాయి. 5,000 గంటలనుకున్నా రోజుకు 3 గంటల చొప్పున నాలుగున్నరేళ్లు. మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు 12ఏఎక్స్7 లాంటి రకాలు రష్యా, స్లొవేకియా, చైనాలలో తయారవుతున్నాయి. కాబట్టి వాల్వు పోయిందని పెట్టె మూలపడదు. పాత కాలపు టెలిఫంకెన్ వాల్వులే కావాలంటే మాత్రం ధర మండుతుంది, నకిలీలూ ఉంటాయి.

మూడోది వాల్యూమ్ నాబు, దాని అన్నదమ్ములైన స్విచ్చులు. తిప్పుతుంటే గరగరమంటే లోపల మురికి చేరిందన్నమాట. చాలాసార్లు శుభ్రం చేస్తే పోతుంది. అరిగిపోతే మార్చాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి వెనకవైపు సాకెట్లు, లోపలి కనెక్టర్లు నల్లబడటం మామూలే.

నాలుగోది రిలే. ఒక బటన్ నొక్కగానే లోపల 'టిక్' మంటుందే, అదే. అది అరిగితే ఒకవైపు స్పీకర్ వచ్చీరానట్టు పాడుతుంది.

ఈ నాలుగింటిలో ఒక సుగుణం ఉంది. ఇవన్నీ బజారులో దొరికేవే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో వెతికితే సరైన విలువ ఉన్నవి సంపాదించొచ్చు. చేయి తిరిగిన మెకానిక్ ఉంటే పాత పెట్టె మళ్లీ పాతికేళ్లు పాడుతుంది.

పాతదానికన్నా నడిమి వయసుదే చిక్కు

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. యాభై ఏళ్ల కిందటి ప్రీయాంప్‌ను బాగుచేయడం తేలిక. ఇరవై ఏళ్ల కిందటిదాన్ని బాగుచేయడం కష్టం!

ఎందుకంటే పాతవాటిలో ఉండేవి విడివిడి భాగాలు. సర్క్యూట్ బొమ్మలు కూడా దొరుకుతాయి. 1990ల నుంచి ఖరీదైన ప్రీయాంపుల్లోకి మైక్రోప్రాసెసర్ వచ్చింది. వాల్యూమ్‌ను చిప్ నడుపుతుంది. ముందు డిస్‌ప్లే వెలుగుతుంది. ఆ డిస్‌ప్లే పోతే? ఆ చిప్‌లోని ప్రోగ్రామ్ చెరిగిపోతే? బజారులో దొరకవు. కంపెనీయే ఇవ్వాలి. కంపెనీ దగ్గర నిల్వ అయిపోతే అంతే సంగతులు. రిమోట్ పోగొట్టుకున్నా చిక్కే. కొన్ని మోడళ్లలో రిమోట్ లేకపోతే సగం పనులు జరగవు.

పాతవాటిలోనూ మినహాయింపులున్నాయి. 1970లలో పేరు మోసిన మార్క్ లెవిన్సన్ ఎల్ఎన్‌పీ-2 లాంటివాటిలో ప్రధాన సర్క్యూట్లను మూసేసిన మాడ్యూళ్లలో పెట్టారు. అది పోతే లోపలి చిన్న భాగాన్ని మార్చడం కుదరదు, మాడ్యూల్ మొత్తం వెతుక్కోవాల్సిందే.

ఇక డీఏసీ, స్ట్రీమింగ్ లాంటి డిజిటల్ హంగులు కలిసిన పెట్టెల సంగతి వేరే చెప్పాలా! వాటికి వయసు సెల్‌ఫోన్‌లా మీదపడుతుంది. పదేళ్ల కిందటి యాప్ ఇప్పటి ఫోనులో తెరుచుకోకపోవచ్చు. కాబట్టి గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. డిజిటల్ హంగులు కావాలంటే కొత్తది కొనండి. ఫక్తు అనలాగ్ అయితే పాతదానికి భయపడక్కర్లేదు. రెండూ కావాలంటే విడివిడిగా కొనడం మేలు. పాత ప్రీయాంప్ పక్కన కొత్త డీఏసీ పెట్టుకుంటే, రేపు డీఏసీ మారినా ప్రీయాంప్ ఉంటుంది.

ఒకే పేరు... రెండు తరాలు

కొత్తా పాతా తేడా చూడాలంటే క్వాడ్ 33ను మించిన ఉదాహరణ లేదు. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1936లో పెట్టిన కంపెనీ అది. 1967లో 33 అనే ప్రీయాంప్‌ను, దానికి జోడీగా 303 అనే పవర్ యాంప్‌ను తెచ్చింది. చేతిలో ఇమిడేంత పెట్టె. నారింజ రంగు బటన్లు. 1982 వరకూ అమ్ముడుపోయింది. 1997లో కంపెనీ ఐఏజీ అనే సంస్థ చేతికి వెళ్లింది. 2024లో అదే 33 పేరుతో, దాదాపు అదే ముఖంతో కొత్త ప్రీయాంప్ వచ్చింది.

పాత 33ను సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకే పట్టుకోవచ్చు. ముచ్చటగా ఉంటుంది. లోపలి సర్క్యూట్ బోర్డులు పలకల్లా ఊడదీసి పెట్టుకునేలా ఉంటాయి కాబట్టి రిపేరూ సులువే. కానీ ఇంటికి తెచ్చి సీడీ ప్లేయర్ కలిపి చూడండి. శబ్దం పగిలినట్టు రావచ్చు. నాబ్ కాస్త తిప్పగానే ఇల్లు దద్దరిల్లిపోవచ్చు. పెట్టెలో లోపం లేదు. ఆ కాలపు రేడియో ట్యూనర్ ఇచ్చే 100 మిల్లీవోల్టుల కోసం తయారైన ద్వారం అది. మనం పంపుతున్నది 2 వోల్టులు! మధ్యలో సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి. ఇటు బయటికి వచ్చేదేమో తన జోడీ 303కు సరిపోయే అర వోల్టు. ఇప్పటి పవర్ యాంపుల్లో చాలావాటికి పూర్తి శక్తితో పాడాలంటే ఒకటి రెండు వోల్టులు కావాలి. దాంతో గొంతు చిన్నబోతుంది. పైగా వెనక ఉన్నవి అప్పటి గుండ్రటి డిన్ సాకెట్లు. ఇప్పటి వైర్లు కలపాలంటే ప్రత్యేక కేబుళ్లు చేయించుకోవాలి.

కొత్త 33లో ఈ తలనొప్పులేవీ లేవు. ఇప్పటి సాకెట్లు, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్, రెండు రకాల రికార్డు ముల్లులకూ ఫోనో, హెడ్‌ఫోన్ సౌకర్యం, రిమోట్ అన్నీ ఉన్నాయి. వారంటీ ఉంది. డబ్బా విప్పి, వైరు పెట్టి, వినడమే.

మరి పాతది దండగా? పాత 303 యాంప్ ఇంట్లో ఉండి, రికార్డులే వినే మనిషికి పాత 33 చక్కటి జోడీ. ఇప్పటి సీడీ ప్లేయర్, ఇప్పటి పవర్ యాంప్ ఉన్నవారికి కొత్తదే నయం. అంటే తేల్చాల్సింది పెట్టె వయసు కాదు, మీ ఇంట్లో దాని ఇరుగుపొరుగు ఎవరన్నది.

అమెరికా బావమరిది తెస్తానంటే...

మన ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. 'అక్కడ సెకండ్ హ్యాండ్‌లో బ్రహ్మాండమైనది దొరికింది బావా, వచ్చేటప్పుడు తెస్తాను' అని ఫోను వస్తుంది. సంతోషించే ముందు ఒక ఫొటో పంపమనండి. పెట్టె ముఖం కాదు, వీపు.

అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడిది ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే క్షణంలో పొగ వస్తుంది. వెనక '50/60 హెర్ట్జ్' అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడుకోవచ్చు. చాలా ప్రీయాంపులు ఒక బల్బుకు మించి కరెంటు తీసుకోవు కాబట్టి చిన్నది చాలు. ఇస్త్రీ పెట్టెలు, హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే చవక కన్వర్టర్లు మాత్రం దీనికి పనికిరావు. వెనక కేవలం 60 హెర్ట్జ్ అని ఉంటే, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన దగ్గర ఎక్కువగా కాగొచ్చు, గుయ్ మనొచ్చు. కొన్ని మోడళ్లలో లోపల వైర్లు మార్చి 230కి తిప్పే వీలుంటుంది. ఆ పని కంపెనీ సూచన ప్రకారం తెలిసినవాళ్లతోనే చేయించాలి.

వారంటీ విషయమూ అంతే. కొత్తదే అయినా, చాలా కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి. అమెరికాలో కొన్న పెట్టెకు హైదరాబాద్ డీలర్ ఉచితంగా రిపేరు చేయడు. ఇక వాడిన సామాన్లను విదేశాల నుంచి కొరియర్‌లో తెప్పించుకోవాలనుకుంటే ఇంకో అడ్డంకి. మన విదేశీ వాణిజ్య విధానం ప్రకారం ఇంటి వాడకానికి సంబంధించిన సెకండ్ హ్యాండ్ వస్తువుల దిగుమతికి ముందస్తు అనుమతి కావాలి. తెలియక ఆర్డరిస్తే పార్సిల్ కస్టమ్స్‌లో చిక్కుకోవచ్చు. ప్రయాణికుల వెంట వచ్చే సామానుకు వేరే నిబంధనలు, సుంకం లేని పరిమితి ఉంటాయి. బావమరిది విమానం ఎక్కేముందు అవి చూసుకోవడం మంచిది.

డబ్బు లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు అర్థం కావడానికే సుమా. 3 లక్షల కొత్త ప్రీయాంప్ ఉందనుకోండి. అదే స్థాయిది పాతది లక్షన్నరకు దొరికింది. కెపాసిటర్లు, వాల్వులు మార్చడానికి 25 వేలు, ట్రాన్స్‌ఫార్మర్‌కు, రవాణాకు 5 వేలు. మొత్తం లక్షా 80 వేలు. మిగిలింది లక్షా 20 వేలు.

అయిదేళ్ల తర్వాత రెండూ అమ్మేశారనుకోండి. కొత్తదానికి సగం ధర వస్తే లక్షన్నర పోయినట్టు. పాతదానికి దిగాల్సిన ధర అప్పటికే దిగిపోయింది. లక్షా 30 వేలకు పోయినా నష్టం 50 వేలే. కాగితం మీద పాతదే గెలిచింది.

కానీ అది మధ్యలో మొరాయించి, విడిభాగం దొరక్కపోతే? పెట్టిన లక్షా 80 వేలూ గాలికి పోయినట్టే. అంటే ఆ మిగిలిన లక్షా 20 వేలు ఊరికే వచ్చిన లాభం కాదు, మనం మోస్తున్న రిస్కుకు కూలి. ఆ రిస్కును తగ్గించేవాడు ఒక్కడే... మెకానిక్. అందుకే పాతది కొనాలనుకునేవాళ్లు ముందు వెతకాల్సింది ప్రీయాంప్‌ను కాదు, దాన్ని విప్పగల మనిషిని. సర్క్యూట్ చదవగలిగినవాడు, వాల్వుల భాష తెలిసినవాడు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటే ధైర్యంగా పాతదానికి వెళ్లండి. లేకపోతే ఎంత చవకైనా వద్దు. ప్రతిసారీ బెంగళూరుకో ముంబైకో పంపుతూ పోతే రవాణా ఖర్చుతో కొత్తది వచ్చేస్తుంది.

ఎవరికి ఏది?

ఇంట్లో పెద్దవాళ్లు కుర్చీలోంచి లేవకుండా రిమోట్‌తో వినాలనుకుంటే, ఫోను నుంచి, టీవీ నుంచి కూడా పాటలు రావాలనుకుంటే, రిపేర్ల జోలికి వెళ్లే తీరిక లేకపోతే, కొత్తది కొనండి. మన దేశంలోని అధీకృత డీలర్ దగ్గరే కొనండి. బిల్లు, వారంటీ కార్డు భద్రంగా దాచుకోండి. షోరూములో డెమోకు పెట్టినవి కొన్నిసార్లు వారంటీతోనే తక్కువకు ఇస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు.

రికార్డులే ప్రధానమైతే, నమ్మకమైన మెకానిక్ ఉంటే, పేరున్న కంపెనీది ఎక్కువగా అమ్ముడైన మోడల్ దొరికితే, పాతదానికే ఓటేయండి. అరుదైన మోడల్ అని గొప్పగా చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అరుదైనదానికి విడిభాగాలు కూడా అరుదే.

ఒకవేళ రెండూ పక్కపక్కన పెట్టి వినే అవకాశం వస్తే ఒక జాగ్రత్త. రెండింటి శబ్దాన్నీ సమానంగా ఉంచి, బాగా తెలిసిన ఒకే పాటను వినండి. ఏది కాస్త గట్టిగా పాడితే అదే బాగున్నట్టు అనిపించడం మన చెవుల బలహీనత. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు!

పాతది చూడ్డానికి వెళ్తున్నారా?

* మీ రికార్డో, పాటలున్న ఫోనో వెంట తీసుకెళ్లండి. కనీసం అరగంట వినండి. చాలా లోపాలు పెట్టె వేడెక్కాకే బయటపడతాయి.

* పాట ఆపి, వాల్యూమ్ పెంచి స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. సన్నటి 'స్‌స్‌స్' సహజం. 'గుయ్' మనే రొద ఉంటే కారణం తేలాలి. అది ఒక్కోసారి ఎర్తింగ్ లోపమో, కేబుల్ టీవీ వైరు పుణ్యమో కావచ్చు. ఇన్వర్టర్ మీద నడుస్తున్నా రొద రావచ్చు.

* వాల్యూమ్ బాగా తగ్గించి వినండి. కుడి ఎడమలు సమానంగా ఉన్నాయా? ఒకవైపే పాడుతుంటే నాబు అరిగింది.

* ప్రతి స్విచ్చునూ, ప్రతి బటన్‌నూ నొక్కండి. ప్రతి ఇన్‌పుట్‌లోనూ పాట పెట్టి చూడండి. మీకు ఫోనో కావాలంటే రికార్డు పెట్టే చూడండి, మాట నమ్మొద్దు.

* వెనక వోల్టేజి, హెర్ట్జ్, సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి. కంపెనీకి రాసి, ఆ మోడల్‌కు ఇంకా సర్వీసు ఇస్తున్నారో లేదో కనుక్కోండి. కంపెనీలు చేతులు మారుతుంటాయి. మెకింటాష్‌ను 2024లో బోస్ కంపెనీ కొన్నది. చేతులు మారినా పాత మోడళ్లకు విడిభాగాలు ఇస్తున్నారా అన్నది ముఖ్యం.

* ఇంతకు ముందు రిపేరు చేయించారా, ఏమేం మార్చారు, బిల్లులున్నాయా అని అడగండి. రిపేరు జరిగిందంటే భయపడొద్దు. మంచి చేతిలో జరిగితే అది అదనపు విలువే.

* రిమోట్, విడి పవర్ సప్లై ఉండే మోడల్ అయితే దాని పెట్టె, మధ్య కేబుల్ అన్నీ ఉన్నాయో చూసుకోండి.

* వీలైతే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, లక్షన్నర పెట్టేవాళ్లు ఆ మనిషికిచ్చే కొద్ది రూపాయల దగ్గర వెనకాడొద్దు.

* ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నదైతే అక్కడే ప్లగ్గు పెట్టి చూడొద్దు. మెకానిక్ వేరియాక్‌తో వోల్టేజీని మెల్లగా పెంచుతూ లేపాలి.

* మూత మీరు విప్పొద్దు. వాల్వు ప్రీయాంపుల్లో వందల వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిల్వ ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

* ఇంటికి తెచ్చాక ముందు ప్రీయాంప్, ఆఖరున పవర్ యాంప్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు ముందు పవర్ యాంప్. ఈ వరస తప్పితే 'ధబ్' మన్న శబ్దానికి స్పీకర్లు దెబ్బతినొచ్చు.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో దొరికినా, ఏసీ షోరూములో దొరికినా ప్రీయాంప్ పని ఒక్కటే... తాను కనిపించకుండా పాటను వినిపించడం. కొత్తదైతే వారంటీ చూసుకోండి, పాతదైతే మెకానిక్‌ను చూసుకోండి. ఏది కొన్నా ఒక మాట మరవొద్దు. అందులో తిరగాల్సిన రికార్డుల కోసం కూడా కొంత డబ్బు మిగుల్చుకోండి!